మగ పూల పాఠం

2023 జూన్ 12, సోమవారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. గద్వాల ఊరి బయట పత్తి చేల పక్కన కట్టిన ఒక ఇంటర్నేషనల్ స్కూలు గేటు ముందు ఆటో దిగి, చేతి గడియారం చూసుకుని, డైరీలో ఆ సమయం రాసుకున్నాను. వనపర్తిలో ఐదుంబావుకు మొదటి బస్సు ఎక్కి వచ్చాను. అప్పటికి నాకు డెబ్భై ఒకటి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. పదవీ విరమణ చేసి పదమూడేళ్లయింది. మళ్లీ బడి గేటులో అడుగు పెడతానని అనుకోలేదు.

ఆ స్కూలు యాజమాన్యానికి గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో మూడు బడులు ఉన్నాయి. మూడింటిలో కొత్తగా చేరిన టీచర్లకు మెంటరుగా ఉండమని నన్ను అడిగారు. వాళ్లది విదేశీ బోర్డు. ఆ బోర్డు నియమం ప్రకారం బి.ఇడి. పూర్తి చేసి వచ్చిన వాళ్లు మొదటి సంవత్సరం 'ఇండక్షన్'లో ఉంటారు. పీరియడ్లు కొంచెం తక్కువ ఇస్తారు. మెంటరు వెనక బెంచీలో కూర్చుని పాఠం చూసి, తరువాత కూర్చోబెట్టి మాట్లాడుతుంది. ఏడాదికి మూడు నివేదికలు. చివర యాజమాన్యం ఉద్యోగం ఖాయం చేస్తుంది, లేదా చేయదు.

మొదట్లో నాకు ఇదంతా అనవసరపు ఆర్భాటం అనిపించింది. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజున హెడ్మాస్టరు హాజరు పుస్తకం, సుద్దముక్కల డబ్బా చేతికిచ్చి ఏడో తరగతి గది వైపు వేలు చూపించారు. అంతే నా ఇండక్షన్. వెనక బెంచీలో ఎవరైనా కూర్చున్నారంటే ఆయన ఇన్‌స్పెక్టరే, తప్పులు పట్టడానికే వచ్చాడు. ఎట్లా నేర్చుకున్నానో చెప్పమంటే, పిల్లల మీద నేర్చుకున్నాననే చెప్పాలి. జులై నెలాఖరుకు నా అభిప్రాయం మారింది. మారడానికి కారణం ఒక అమ్మాయి.

ఆ ఏడాది గద్వాలలో కొత్తవాళ్లు ఆరుగురు. ఆ అమ్మాయిది బిజినేపల్లి. వాళ్ల నాన్న అక్కడ బస్టాండు దగ్గర దర్జీ. డిగ్రీ అయ్యాక మూడేళ్లు నాన్న పక్కనే రెండో మిషను మీద జాకెట్లు కుట్టి, ఆ డబ్బుతో బి.ఇడి. ఫీజు కట్టుకుంది. వాళ్లింట్లో అంత చదువుకున్న వాళ్లు అంతకు ముందు లేరు. గద్వాలలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటానంటే నాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నాడట. ఆ సంగతి రెండో వారంలో, స్టాఫ్ రూములో అన్నం తింటూ చెప్పింది.

"ఒక్క ఏడు ఇచ్చిండు మేడం మా నాయిన. నౌకరీ పక్కా అయితే టీచరు. కాకుంటే రెండో మిషను నా కోసమే ఉంది, దుమ్ము పడకుంట దానికి గలీబు గుడ తొడిగిపెట్టిండు."

నవ్వుతూనే చెప్పింది. కానీ డబ్బా మూత పెట్టేటప్పుడు ఒకటికి రెండుసార్లు నొక్కింది.

నా పద్ధతి ఒకటే. వెనక కూర్చుని గడియారం చూస్తాను. నలభై నిమిషాల పీరియడులో టీచరు ఎంతసేపు మాట్లాడింది, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు, ఎంతసేపు చేతులతో పని చేశారు, ఇవి మూడు గడులలో రాస్తాను. పాఠం బాగుంది, బాగాలేదు అని చెప్పను. అంకెలు చూపిస్తాను. చాలామందికి ఇది నచ్చదు. ఒక అబ్బాయి, ఇంగ్లీషు టీచరు, తన అంకెలు చూసి రెండు రోజులు నాకు నమస్కారం పెట్టలేదు. ఈ అమ్మాయి మొదటి పాఠంలో ముప్పై మూడు నిమిషాలు తనే మాట్లాడింది. అంకె చూపించాను. దాని మీద వేలు పెట్టి అడిగింది.

"ఈ ముప్పై మూడుల పనికొచ్చినయి ఎన్ని మేడం?"

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నా గురించి నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. తరువాతి పాఠం నుంచి నాలుగో గడి ఒకటి గీసుకున్నాను. ఆగస్టు చివరికి ఆమె మాట్లాడే సమయం పద్దెనిమిది నిమిషాలకు దిగింది. ఐదో తరగతి పిల్లలు ఆమె గదిలో కుర్చీల మీద కన్నా నేల మీదే ఎక్కువ ఉండేవారు. ఏదో ఒకటి కొలుస్తూ, నానబెడుతూ, విప్పి చూస్తూ ఉండేవారు.

ఆ స్కూల్లో ఇంకొక పద్ధతి ఉంది. గేటు లోపల పిల్లలు గానీ, పిల్లల ముందు టీచర్లు గానీ తెలుగు మాట్లాడకూడదు. ప్రతి తరగతి గోడ మీద నక్షత్రాల చార్టు. పొద్దున ఇరవై నక్షత్రాలు అంటిస్తారు. ఎవరి నోట తెలుగు మాట వచ్చినా ఒకటి పీకేస్తారు. నెలాఖరుకు ఎక్కువ నక్షత్రాలు మిగిలిన తరగతికి బహుమతి. ఒక పిల్ల నోరు జారితే తరగతి మొత్తం ఆ పిల్ల వైపు చూస్తుంది కాబట్టి, టీచరు అరవాల్సిన పని లేకుండానే నియమం నడుస్తుంది. ఆగస్టులో బహుమతి ఈ అమ్మాయి తరగతికే వచ్చింది. ఆ రోజు ఆమె సంతోషం నేను చూశాను. ఖాయం చేసేటప్పుడు ప్రిన్సిపాలు ఆ చార్టు కూడా చూస్తారని అందరికీ తెలుసు.

సెప్టెంబరు 13, బుధవారం, రెండో పీరియడు ఆమెకు మొదటి పెద్ద పరిశీలన. నాతో పాటు ప్రిన్సిపాలు కూడా కూర్చుంటారు. పాఠం, పువ్వు భాగాలు. ముందు రాసుకున్న ప్రణాళికలో ఒక్కొక్కరికి ఒక మందార పువ్వు ఇస్తానని ఉంది. ఒక్క పువ్వు చూసి పూలన్నిటికీ సూత్రం చెప్పడం లెక్క కాదని, ఇరవై చూస్తే అప్పుడు మాట్లాడవచ్చని అన్నాను. ఇరవై అన్న అంకె నాది. ముప్పై ఒక్క మందికి ఇరవై చొప్పున మందారాలు ఎక్కడ దొరుకుతాయని ఆలోచించి, స్కూలు వెనక గోడ దాటితే పత్తి చేనే కదా అంది.

ఆ చేను ఆమె తరగతిలోని ఒక పిల్ల తండ్రిదే. ముందు రోజు సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి, పిల్లలను చేనులోకి తీసుకొస్తానని అడిగింది. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. అది విత్తనాల కోసం పండించే పత్తి అని, ఎర్ర కాగితాలు తొడిగిన మొగ్గలను మాత్రం ముట్టనివ్వవద్దని చెప్పాడు. ఆమె జాగ్రత్తగా రాసుకుంది.

మరునాడు పొద్దున ఎనిమిదిన్నరకు పిల్లలను వరుసలో తీసుకువెళ్లింది. ఎర్ర కాగితాలున్న పెద్ద మడిలోకి ఎవరూ దాటకుండా తన దుపట్టా, ఇద్దరు ఆడపిల్లల బెల్టులు కలిపి గట్టు వెంట అడ్డంగా పరిచింది. పక్కన చిన్న మడి ఒకటి ఉంది. అందులో ఒక్క ఎర్ర కాగితం కూడా లేదు. చెట్ల నిండా అప్పుడే విచ్చుకుంటున్న లేత పసుపు పూలు. బిజినేపల్లి చుట్టుపక్కల అందరూ వేసేది మామూలు పత్తి. అక్కడ పత్తి పువ్వు తెంపితే ఎవరూ ఏమీ అనరు, పిల్లలు తెంపి చెవుల్లో పెట్టుకుని తిరుగుతారు. ఇది కూడా అట్లాంటి పత్తే అనుకుంది. టిఫిన్ డబ్బా మూతలో ఒక్కొక్కరు ఇరవై పూలు తెంపుకోమంది.

పాఠం తొమ్మిదిన్నరకు మొదలైంది. నేను చూసిన పాఠాల్లో అంతటిది తక్కువ. పిల్లలు మొదట రేకులు లెక్కపెట్టారు. ప్రతి పువ్వుకూ ఐదు. ఒక పిల్లవాడికి ఆరు రేకుల పువ్వు దొరికింది. తరగతి మొత్తం వాడి చుట్టూ చేరింది. ఈ ఒక్కటి చూసి పత్తికి ఆరు రేకులని రాయవచ్చా అని ఆమె అడిగితే, వద్దని ముప్పై గొంతులు అరిచాయి. ప్రిన్సిపాలు ముందుకు వంగి చూశారు. ఆమె మాట్లాడింది పద్నాలుగు నిమిషాలు. నా నాలుగో గడిలో పద్నాలుగూ పనికొచ్చినవే. ఒక్క లోపం మాత్రం రాశాను. మూడో బెంచీలో ఒక పిల్ల పూలు ముట్టుకోకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, టీచరు గమనించలేదు.

పాఠం ముగిసి పావుగంట కాలేదు, ప్రిన్సిపాలు గది ముందు చేనాయన, ఆయన భార్య నిలబడి ఉన్నారు. చెప్పులు బయట విడిచారు. ప్రిన్సిపాలు మా ఇద్దరినీ పిలిపించారు. చేనాయన గొంతు పెంచలేదు.

"ఎర్ర కాగితాలు ఒక్కటి గుడ ముట్టలేదు సార్, మంచిదే. గని మగ పూలు అటు కొసకు కొన్ని తప్ప అన్నీ వోయినయి. నిన్న పొద్దుమీకేదాక పన్నెండు మంది ఆడోళ్లు గిల్లిన మొగ్గలున్నయి. ఇప్పుడు వాటికి ఏం పెట్టాలె?"

మాకు అర్థం కాలేదని తెలిసి ఆయన భార్య వివరించింది. పెద్ద మడిలో ఉన్నవి ఆడ చెట్లు. పక్కన చిన్న మడిలో ఉన్నవి మగ చెట్లు, వేరే రకం. సాయంత్రం కూలీలు ఆడ చెట్ల మొగ్గలను గోటితో గిల్లి, లోపలి పుప్పొడి తీసేసి ఎర్ర కాగితం తొడుగుతారు. తెల్లవారి మగ చెట్ల పూలు తెంపుకొచ్చి, ఒక్కొక్క పువ్వుతో నాలుగైదు మొగ్గలకు అద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. గిల్లిన మొగ్గకు మరునాడు పుప్పొడి అద్దకపోతే అది రాలిపోతుంది. పక్క రైతు దగ్గర తెచ్చుకుందామంటే ఆయనది వేరే కంపెనీ రకం, విత్తనం కలిసిపోతుంది. ఎర్ర కాగితం ఉన్నది ఒకటైతే, దానికి ప్రాణం పోసేది కాగితం లేనిది. ఈ అమ్మాయి అంత జాగ్రత్తగా దుపట్టా పరిచి కాపాడింది మొదటిదాన్నే.

ప్రిన్సిపాలు హైదరాబాదు నుంచి వచ్చినాయన. చెడ్డవారు కాదు. పాఠం ఆయనకు కూడా నచ్చింది. భార్యాభర్తలను బయట కూర్చోమని, ఆ అమ్మాయి వైపు తిరిగి ఒక మార్గం చెప్పారు. ఫోనులో అనుమతి అడిగింది చూడడానికే. పూలు తెంపమని టీచరు చెప్పలేదు, ఆటలో పడి పిల్లలే తెంపారని ఒక కాగితం రాసిస్తే, అది పిల్లల అల్లరి అవుతుంది. ఆమె ఫైలులో ఏమీ ఉండదు. రాయకపోతే పొరుగు రైతుకు నష్టం చేసిందని ఫైలులో రాయాల్సి వస్తుంది, అది చివరి నిర్ణయం దాకా వస్తుంది. ఇంగ్లీషులో, మెల్లగా, ఆమె మంచి కోరే చెప్పారు.

ఆమె తెలుగులో జవాబు చెప్పింది. ఆ గదిలో ఆమె నోట తెలుగు వినడం నాకు అదే మొదటిసారి.

"తెంపమన్నది నేనే సార్. ఎన్ని తెంపాల్నో గుడ నేనే చెప్పిన."

తరువాత బయటికి వెళ్లి, బెంచీ మీద కూర్చున్న భార్యాభర్తల ముందు నిలబడి అదే మాట మళ్లీ చెప్పింది. రాలిపోయే మొగ్గలకు ఏమైనా చేయగలమా అని అడిగింది. ఏం చేయలేమని ఆయన అన్నాడు. అయితే రేపటి మొగ్గలకైనా పని చేస్తానని, సాయంత్రం వస్తానని అంది. ఆయన నమ్మినట్టు లేడు. తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ రోజు నేను నాలుగు గంటల బస్సు వదులుకుని ఆమెతో పాటు చేనుకు వెళ్లాను. పన్నెండు మంది ఆడవాళ్లు వరుసల్లో వంగి మొగ్గలు గిల్లుతున్నారు. ఆమెను చూడగానే ఒకామె నడుము నిలబెట్టింది.

"ఏందమ్మా టీచరమ్మా, ఇయ్యాల మాకు గుడ పాఠం జెప్తవా? మా డబ్బా మూతలు దెచ్చుకోలే మరి."

అందరూ నవ్వారు. ఇంకొకామె, పొద్దున మగ పూలు లేక చేతులు కట్టుకుని కూర్చున్నామని, ఏనాడూ లేని తీరిక టీచరమ్మ ఇచ్చిందని అంది. ఆమె తలవంచుకుని విన్నది. మాటలు అయిపోయాక చేనాయన భార్య దగ్గరికి వెళ్లి, నేర్పు అక్కా అంది.

గిల్లడం చూడడానికి సులువుగా ఉంటుంది. బొటనవేలి గోరు మొగ్గ చుట్టూ తిప్పి, రేకులూ పుప్పొడీ ఒక్క లాగుతో ఊడదీయాలి. మధ్యలో నిలిచే సన్నని కాడ విరగకూడదు. అది విరిగితే కాయ పట్టదు. ఆమె మొదటి నాలుగు విరగ్గొట్టింది. ఐదోది కూడా విరిగేసరికి ఆగి, చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"ఎన్ని చెడగొట్టిన అక్కా?"

"లెక్క వెట్టకు. ఇంకో పది చెడగొట్టు, అప్పుడు చెయ్యి దిరుగుతది. మేము పుట్టంగనే నేర్సుకొని పుట్టినమా?"

ఎవరో ఒకరు వెనక నిలబడి, చెడగొట్టే అవకాశం ఇచ్చి, చెయ్యి తిరిగేదాకా ఉండడం. నేను ఆ స్కూల్లో ఏ పని కోసం వచ్చానో ఆ పనే చేనాయన భార్య చేస్తోంది. నాకంటే తక్కువ మాటల్లో చేస్తోంది.

చేనాయన కూతురు, ఆ మూడో బెంచీ పిల్ల, గట్టు అవతల పుస్తకం పట్టుకుని కూర్చుంది. చేనులోకి రాదు. తండ్రి అడుగు పెట్టనివ్వడట. ఆయన చదువు ఈ క్రాసింగుల్లోనే ఆగిపోయిందని, ఏటా ఈ రెండు నెలలూ బడి మానిపించి చేనుకు తీసుకొచ్చేవారని, అందుకే కూతురి గోటికి పుప్పొడి అంటకూడదని ఒట్టు పెట్టుకున్నాడని తల్లి చెప్పింది. అయినా ఇంట్లో రాత్రీ పగలూ అదే ముచ్చట, పిల్లకు తెలియకుండా ఉంటుందా అంది.

అది విని ఆ అమ్మాయి పని ఆపి గట్టు దగ్గరికి వెళ్లి, పిల్ల పక్కన కూర్చుంది. నేను వినేంత దగ్గరలోనే ఉన్నాను.

"పొద్దున గట్టు మీద నిలవడి నువ్వు చెయ్యి లేపినవు. నేను 'ఇన్ ఇంగ్లిష్' అన్న. ఏం చెప్పబోయినవు?"

పిల్ల పుస్తకం అంచు మడుస్తూ చెప్పింది.

"అవి మగ పూలు మిస్. తెంపొద్దని చెప్పబోయిన. మగ పూలను ఇంగ్లీషుల ఏమంటరో రాలే."

"తెలుగుల చెప్పకపోయినవా?"

"స్టారు వోతది గద మిస్. అందరు నన్నే సూస్తరు."

ఆమె లేచి మళ్లీ వరుసలోకి వెళ్లింది. చీకటి పడేలోగా కాడ విరగకుండా గిల్లడం వచ్చింది.

సెప్టెంబరు నెల మిగిలిన రోజులన్నీ ఆమె స్కూలు వదలగానే చేనుకు వెళ్లింది. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. మూడో రోజుకల్లా ఆడవాళ్లు ఆమెకు ఒక వరుస కేటాయించారు. వారం తిరిగేసరికి, టీచరమ్మ వరుసలో కాయ బాగా పడుతోందని చేనాయన నాతో అన్నాడు. మెచ్చుకోలు కాదు, చూసిన సంగతి చెప్పాడు. ఆమె బొటనవేలి గోరు నల్లబడింది. ఆ చేత్తోనే బోర్డు మీద రాసేది.

మొదటి పరిశీలనను ప్రిన్సిపాలు లెక్కలోకి తీసుకోలేదు. సెప్టెంబరు 27, బుధవారం మళ్లీ పెట్టారు. ఈసారి పెద్దాఫీసు నుంచి ఒకావిడ కూడా వచ్చి నా పక్కన కూర్చుంది. నేను గదిలోకి వెళ్లగానే గోడ వైపు చూశాను. నక్షత్రాల చార్టు లేదు. మేకు మాత్రం ఉంది.

ఆమె పిల్లలతో ఒక కొత్త ఒప్పందం చెప్పింది. తెలిసిన సంగతిని మొదట ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పాలి. తరువాత అందరూ కలిసి దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకోవాలి. చెప్పి, మూడో బెంచీ పిల్లను బోర్డు దగ్గరికి పిలిచింది. ఆ పిల్ల మొదట నిలబడడానికే భయపడింది. తరువాత సుద్దముక్కతో రెండు మళ్లు గీసింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇంటి భాషలో, అమ్మ కూలీలతో మాట్లాడే మాటలతో, సాయంత్రం ఏం చేస్తారో, తెల్లవారి ఏం చేస్తారో, కాగితం ఎందుకు తొడుగుతారో పదకొండు నిమిషాలు చెప్పింది. మగ పువ్వు చెట్టు నుంచి వచ్చాక ఎంతసేపు పనికొస్తుందని ఒకడు అడిగితే, ఎండ ముదిరే దాకానే అంది. ఒక పువ్వుతో ఎన్ని మొగ్గలు అని ఇంకొకడు అడిగితే నాలుగైదు అంది. అప్పుడు ఒక ఆడపిల్ల లేచి, అయితే మనం తెంపిన పూలతో ఎన్ని మొగ్గలు అయ్యేవని అడిగింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు పెన్సిళ్లు తీశారు. తెంపింది ముప్పై మంది, ముప్పై ఇంటూ ఇరవై, ఇంటూ ఐదు. మూడు వేలని వచ్చింది, అడిగిన పిల్లే దాన్ని బోర్డు మీద చిన్న మడి పక్కన రాసింది.

తరువాత మిగిలిన సమయమంతా ఇంగ్లీషు. పిల్లలే మాటలు వెతికి, వాక్యాలు కట్టి, బోర్డు మీద ఉన్నదాన్ని రాశారు. ఆమె మాట్లాడింది తొమ్మిది నిమిషాలు. ఇంత తక్కువ అంకె నా పుస్తకంలో అంతకు ముందు లేదు, తరువాత రాలేదు. నేను పద్దెనిమిదికి సంతోషించాను. ఆమె నేను అడిగిన దానికంటే దూరం వెళ్లింది.

పెద్దాఫీసు ఆవిడ బయటికి వచ్చాక పాఠం చాలా బాగుందని అంది. వెంటనే, భాషా నియమం మాటేమిటని అడిగింది. ఈ ప్రాంతపు తల్లిదండ్రులు ఫీజు కట్టేది ఆ నియమం చూసే అంది. ఆ మాట అబద్ధం కాదు. నేను ఆమె పాఠంలో పిల్లలు రాసిన ఇంగ్లీషు వాక్యాలను, చార్టు ఉన్న రోజుల్లో రాసిన వాక్యాలను పక్కపక్కన పెట్టి లెక్క చూపించాను. రెట్టింపు కంటే ఎక్కువే ఉన్నాయి. ఆవిడ చూసి, మర్యాదగా వెనక్కి ఇచ్చింది.

ఫిబ్రవరిలో ప్రిన్సిపాలు మళ్లీ ఒకసారి పిలిచారు. నేనూ ఉన్నాను. చార్టు మళ్లీ గోడకు పెట్టి, పూల సంగతి మీద ఆ కాగితం ఒకటి రాసిస్తే, మార్చిలో ఖాయం చేయించే పూచీ తనదన్నారు. నిజంగానే చేయించేవారు, ఆయన మాట తప్పే మనిషి కాదు. ఆమెకు ఏం కావాలో నాకు తెలుసు. బిజినేపల్లిలో గుడ్డ తొడిగిన మిషను కూడా తెలుసు. అయినా అది నేను చెప్పాల్సిన జవాబు కాదు.

"పిల్లలు తెంపిండ్రని నేను రాస్తే, రేపు ఆ పిల్ల ముందల ఎట్ల నిలవడాలె సార్? ఆ ఒక్క పిల్లనే తెంపలే."

మార్చిలో నా మూడో నివేదిక ఇచ్చాను. బోర్డు పెట్టిన ప్రమాణాలన్నిటిలోనూ ఆమె నెగ్గిందని, ఖాయం చేయాలని రాశాను. మూడు బడుల్లో ఆ ఏడాది నేను చూసిన కొత్త టీచర్లలో ఆమెతో పోల్చదగిన వాళ్లు లేరని కూడా రాశాను. అట్లా రాయడం నా అలవాటు కాదు. యాజమాన్యం నిర్ణయం మార్చి 28, గురువారం వచ్చింది. మిగిలిన ఐదుగురికి ఖాయమైంది. నమస్కారం మానేసిన ఇంగ్లీషు అబ్బాయి కూడా అందులో ఉన్నాడు. అతను బాగా మెరుగుపడ్డాడు, అర్హుడే. ఆమెకు ఇండక్షన్ ఇంకొక ఏడాది పొడిగించారు. కారణాలు రెండు. పొరుగు రైతుకు నష్టం, భాషా నియమం.

ఆమె కాగితం చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది. ఆ రోజు మిగిలిన రెండు పీరియడ్లూ పాఠం చెప్పింది. నేను వెనక కూర్చున్నాను. గడియారం చూడలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ వెళ్తూ గోపాల్‌పేట దాటాక ఆలోచించి, బిజినేపల్లిలో దిగాను. దర్జీ దుకాణం వెతకనక్కరలేదు, బస్టాండులో నిలబడితే కనిపిస్తుంది. ఆయన బక్కపలచని మనిషి, మెడలో టేపు. కూతురు అప్పటికే అంతా చెప్పింది. అయినా ఆయనకు ఒక్కటి తేలలేదు. కుర్చీ తుడిచి వేసి, చాయ్ చెప్పి, అడిగాడు.

"ఫేలయిందా మేడం నా బిడ్డ?"

"లేదు."

"మరి పాసయిందా?"

"నా కాగితంలో పాసయింది. వాళ్ల కాగితంలో కాలేదు."

ఆయన కత్తెర చేతిలోకి తీసుకుని, మళ్లీ పక్కన పెట్టాడు. ఆ రైతు ఏమన్నాడని అడిగాడు. రైతు జనవరిలో పత్తి తీసేటప్పుడు ఆమెను పిలిచి, ఆమె గిల్లిన వరుసలో కాయ కోయించాడని చెప్పాను. కూతురిని అదే స్కూల్లో, ఆమె తరగతిలోనే ఉంచాడని కూడా చెప్పాను. ఆయన కత్తెర మళ్లీ తీసుకుని, కొలత గీసిన గుడ్డ ముందుకు లాక్కున్నాడు.

"రైతు మాఫ్ జేసిండు గద. అయితే ఇంకో ఏడు సూద్దాం మేడం. జాకెట్లకేం, నేను ఒక్కన్నే గుట్టుకుంట."

2024 జూన్‌లో ఆమె నాగర్‌కర్నూల్‌లో వేరే యాజమాన్యం నడిపే స్కూల్లో చేరింది. గద్వాలలో ఉంటే చార్టు మళ్లీ గోడకు పెట్టక తప్పదని తెలిసే వదిలింది. అక్కడా అదే బోర్డు, అదే ఇండక్షన్. పాత చోట గడిచిన సంవత్సరాన్ని లెక్కలోకి తీసుకోరు. మళ్లీ మొదటి రోజు నుంచి ప్రారంభించింది. అక్కడ ఆమె వెనక బెంచీలో కూర్చునే మెంటరు ఎవరో నాకు తెలియదు. వాళ్ల అదృష్టం. నా నియామకాన్ని ఆ ఏప్రిల్ తరువాత పొడిగించలేదు.

పోయినవి ఇవి. మగ పూలు, ఆరు వందలకు అటూ ఇటూగా. గిల్లిన మొగ్గలు, రైతు లెక్క ప్రకారం మూడు వేల ఆరు వందలు. చివరి వరుసల్లో మిగిలిన పూలతో ఏడు వందలకు అద్దారు కాబట్టి, రాలినవి రెండు వేల తొమ్మిది వందలు. సగమే కాయ పడతాయనుకుంటే కాయలు పద్నాలుగు వందల యాభై. కాయకు పాతిక గింజల చొప్పున, వంద గింజలు పది గ్రాముల చొప్పున, విత్తనం మూడు కిలోల ఆరు వందల ఇరవై ఐదు గ్రాములు. పన్నెండు మంది ఆడవాళ్ల ఒక సాయంత్రపు పని. ఆ అమ్మాయి ఇండక్షన్‌లో ఒక సంవత్సరం. ఐదో తరగతి గోడ మీద ఇరవై నక్షత్రాలు. నా ఉద్యోగం. గద్వాల స్కూలుకు ఒక టీచరు.